బూడిద కోసం బీడీ

మా ఆయన బీడీ మానేశాడని తెలిసిన రోజు మా వీధి వీధంతా మెచ్చుకుంది. నెల తిరక్కుండానే అదే వీధి మా గడపలో నిలబడి, ఆయనతో మళ్లీ బీడీ కాల్పించమని నాకు బుద్ధులు చెప్పింది. ఆ రెండింటి మధ్యా నేను పడ్డ అవస్థ ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నా కోపం చల్లారేలా లేదు. అందుకే రాస్తున్నాను.

మాది గద్వాల. మగ్గం మీద బతికే కుటుంబం. గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. రెండూ మగ్గం మీదే కలవాలి కాబట్టి మా గుంటమగ్గం దగ్గర ఇద్దరం కూర్చుంటాం. ఆయన నడుమ కూర్చుని పేక పోగు మోసే పెద్ద నాడె విసిరి, ఆ పోగు బిగిసేలా పలక కొట్టి, కాళ్లతో తొక్కుతాడు. నేను పక్కన కూర్చుని అంచు నాడె నడుపుతాను. పెళ్లయిన కొత్తలో నన్ను ఆ పక్క చోట కూర్చోబెట్టారు, అప్పటినుంచీ అక్కడే ఉన్నాను. అందువల్ల ఆయన దగ్గు నాకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు. దగ్గు వచ్చేముందు కాళ్లు ఆగుతాయి. తర్వాత చెయ్యి ఆగుతుంది. ఆ తర్వాత మగ్గం మొత్తం ఊగి, నా అంచులో పోగు తప్పుతుంది. దాన్ని విప్పి సరిచేయాల్సింది నేను. దగ్గు ఆయనది, చాకిరీ నాది.

కిందటి చలికాలంలో ఆ దగ్గు ఆయాసమైంది. బజారు నుంచి కూరగాయల సంచి తెస్తూ దారిలో మూడిళ్ల అరుగుల మీద కూర్చుని వచ్చాడు. అడిగితే, "మంది పలకరిస్తున్నరు, కూసున్న" అన్నాడు. గద్వాల దవాఖానలో చూసి, వనపర్తిలో ఊపిరితిత్తుల డాక్టరు ఉంది, అక్కడికి పొమ్మన్నారు. వెళ్లాం. ఆమె చిన్న వయసు మనిషి. ఒక గొట్టం నోట్లో పెట్టి ఊదమంది. ఈయన పెళ్లిలో సన్నాయి ఊదేవాడిలా బుగ్గలు పొంగించాడు గానీ గాలి మాత్రం రాలేదు.

"మీ గాలి గొట్టాలు వాచి ఇరుకైపోయాయి," అందామె. "లోపల కొంత పాడైంది. అది తిరిగి రాదు. బీడీ మానితే ఉన్నదన్నా నిలుస్తుంది. మానకపోతే ఒకరోజు ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని బతకాల్సి వస్తుంది."

అంతవరకు విన్నాను. మందులు తెమ్మని చీటీ నా చేతికిచ్చి పంపడంతో ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. తిరిగి వచ్చేసరికి ఈయన బుద్ధిమంతుడిలా తల ఊపుతూ కూర్చున్నాడు. ఆ తల ఊపడం చూసే నాకు అనుమానం రావాల్సింది.

బస్సెక్కగానే వాదన మొదలు. "ఇది నూలు దుమ్ముతోని వచ్చింది. బీడీతోని గాదు."

"ఆ దుమ్ము నాక్కూడ ఉన్నది గద. నీ పక్కనే కూసుంట. నాకెందుకు రాలే?"

"ఆడోళ్ల ఊపిరి వేరు."

ఇలాంటి మాటకు జవాబు చెప్పేకన్నా కిటికీలోంచి బయటికి చూడటం మేలు. డాక్టరమ్మ పీల్చుకోమని ఇచ్చిన పంపు గురించి ఇంకో రాద్ధాంతం. రోజూ పీలిస్తే అలవాటైపోతుందట! మీసం మొలవకముందు నుంచి కాలుస్తున్న బీడీ అలవాటవుతుందన్న భయం ఈ మనిషికి ఏనాడూ లేదు. ఊపిరి ఆడనిచ్చే మందు అలవాటవుతుందని మాత్రం బెంగ. పంపు తీసి దేవుడి గూట్లో పెట్టాడు. రోజూ పొద్దున, సాయంత్రం దాన్ని తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టడం నా పనుల్లో ఇంకొకటైంది.

అయినా బీడీ మానాడు. భక్తితో కాదు, సిలిండరు భయంతో. మగ్గానికీ గోడకూ మధ్య చోటు చూసి, "గీడ సిలిండరు యాడ పడుతది?" అని ఒకటికి నాలుగుసార్లు కొలుచుకున్నాడు. పట్టదని తేలాక మిగిలిన బీడీలు మోరీలో పడేశాడు. నేను లోపల ఎంత సంబరపడ్డానో పైకి కనబడనివ్వలేదు. మెచ్చుకుంటే మొండికేసే రకం.

మొదటి రోజులు ఎలా గడిచాయో నాకూ ఆ మగ్గానికీ తెలుసు. సోంపు నమిలాడు, లవంగం నమిలాడు, చివరికి నన్ను నమిలాడు. పప్పులో ఉప్పు తక్కువైందని, ఫ్యాను చప్పుడు చేస్తోందని, నేను నడుస్తున్నానని కూడా కోపమే. సరే, పోనీలే, నాలుగు రోజులు ఓపిక పడితే దగ్గు తగ్గుతుంది కదా అని నోరు మూసుకున్నాను.

దగ్గు తగ్గలేదు. పెరిగింది.

అంతకుముందు పొడిగా ఖళ్ళుఖళ్ళుమనే దగ్గు ఇప్పుడు కడుపు లోతుల్లోంచి తవ్వుకుని వచ్చేది. పొద్దున లేవగానే మోరీ దగ్గర కూర్చుంటే గంట పట్టేది. తెమడ నల్లగా, చిక్కగా పడేది. బీడీ కాల్చినన్ని రోజులు ఈ నల్లటిదంతా ఎక్కడ దాక్కుందో నాకు అర్థం కాలేదు. మగ్గం మీద కూర్చుంటే జానెడు నేయడానికి పూట గడిచేది. నా అంచు మొత్తం తప్పులే.

ఇక వీధి మేలుకొంది. ఎదురింటి పెద్దాయన, తను కూడా దగ్గుతూనే, అరుగు మీంచి తీర్పు చెప్పాడు. "బీడీ పొగకు తెమడ కరుగుతుండె. పొగ బంద్ జేస్తే గడ్డ కట్టింది. జర ఒకటన్న తాగనియ్యమ్మ, పాపం." ఒకామె నాగర్‌కర్నూల్ దగ్గర ఎవరో పసరు పోస్తారంది. ఇంకొకామె అమ్రాబాద్ అడవి తేనె అంది. బీడీ కాల్చేటప్పుడు ఒక్కరికీ గుర్తురాని తేనె, పసరు మానేశాక ఎలా గుర్తొచ్చాయో! చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ. అందరి మాటకూ ఈయన తల ఊపేవాడు. నావైపు చూసి, "ఇన్నవా?" అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసేవాడు.

నిజం చెప్పాలంటే నాకూ దడ పుట్టింది. నాకు ఆయన ఊపిరి కావాలి. అది పోయింది పోగా ఉన్నకాడికైనా నిలవాలి. దానికోసమే కదా ఈ రంపపు కోత భరిస్తున్నది? మానిపించి నేనే ముంచుతున్నానేమో అన్న భయం పొద్దస్తమానం వెంట తిరిగింది. వనపర్తికి ఫోను చేస్తే, డాక్టరమ్మ సెలవులో ఉందన్నారు.

సరిగ్గా అప్పుడే మగ్గం మీద పడుగు అయిపోయింది.

పడుగు అయిపోతే కొత్త పడుగు ఎక్కించాలి. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటే వేళ్లతో మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ముడి వేస్తే అచ్చు పళ్ల సందుల్లో దూరదు కాబట్టి మెలి మాత్రమే. వేళ్లకు చెమట పడితే మెలి జారిపోతుంది. అందుకని వేళ్లకు బూడిద అద్దుకుంటారు. మా అత్త కాలంలో పొయ్యిలో చెయ్యి పెడితే బూడిద. గ్యాసు వచ్చాక పొయ్యి పోయింది, పొయ్యితో బూడిద పోయింది. అప్పటినుంచి మా ఇంట్లో అతుకు పని మా ఆయన బీడీ బూడిదతోనే నడిచింది. కొబ్బరిచిప్పలో దులిపి దాచేవాడు. మెత్తగా ఉంటుందని పక్క మగ్గాలవాళ్లు కూడా వచ్చి చిటికెడు పట్టుకుపోయేవారు. అలా మా ఇంట్లో బీడీ ఒక పనిముట్టయి కూర్చుంది. ఊపిరి తీసే పనిముట్టు.

చిప్ప ఖాళీ. ఆయన దాన్ని తిరగేసి నాకు చూపించి, ఏమీ తెలియనట్టు అడిగాడు. "ఇగ బూడిద యాడికెళ్లి తేవాలె?"

నేను అంత తేలిగ్గా ఓడిపోయే మనిషిని కాదు. బస్టాండు దగ్గర కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆమె దగ్గరికి పోయి గిన్నెడు బూడిద అడిగి తెచ్చాను. పాత ధోవతి గుడ్డలో జల్లించాను. గెలిచాననుకున్నాను.

అతికేది మా ఆడబిడ్డ. ఈయన కన్నా పెద్దది, ఖిల్లా ఘణపూర్‌లో ఇచ్చారు. పుట్టింట్లో నేర్చిన చెయ్యి, ఇప్పటికీ ఆమె అతికితే పోగు జారదు. పడుగు మార్చిన ప్రతిసారీ బస్సెక్కి వస్తుంది. వచ్చింది. గడపలో చెప్పులు విడుస్తుండగానే తమ్ముడి దగ్గు విన్నది. విని, గుండె బాదుకుంది.

"ఓ పిల్లా, ఏం జేసినవే నా తమ్మునికి? బీడీ తాగినప్పుడు మంచిగుండె గద!"

"మంచిగ యాడుండె వదినా? బజారు నుంచి ఇంటికి రానీకి మూడిండ్ల ముందర కూసుంటుండె."

"కూసుంటె కూసుండె, గిట్ల దగ్గకుండె."

ఆమె కూర్చుని, నేను తెచ్చిన బూడిద వేళ్లకద్దుకుని, పట్టు పోగు పట్టి మెలితిప్పింది. తెగింది. ఇంకొకటి పట్టింది. అదీ తెగింది. "ఇసుకుందే ఇండ్ల. పట్టుకు పనికిరాదు," అని గిన్నె పక్కకు జరిపింది. అగరొత్తుల బూడిద ఇస్తే జిగటగా ఉందంది. తర్వాత చేతిసంచిలో చెయ్యి పెట్టి నిండు బీడీ కట్ట తీసింది. తమ్ముడి కష్టం ఫోనులో విని దారిలో కొనుక్కుని వచ్చిందట. పండ్లు తెచ్చేవాళ్లు పండ్లు తెస్తారు, మా ఆడబిడ్డ బీడీలు తెచ్చింది. తెచ్చిన ప్రేమను తప్పుపట్టలేం, అదే నా ప్రారబ్ధం.

"తమ్మీ, నోట్లె పెట్టుకోకు. బూడిద కోసమే," అని వెలిగించి ఆయన చేతికిచ్చింది.

చూస్తూ నిలబడ్డాను. బీడీ సంగతి బీడీ కాల్చేవాళ్లకు బాగా తెలుసు. పీలిస్తేనే మండుతుంది, చేతిలో ఊరకే పట్టుకుంటే ఆరిపోతుంది. ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరిపోయింది. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ దాన్ని దీనంగా చూశారు.

"ఒక్క దమ్ము గుంజితెనే మండుతది," అన్నాడాయన, ఈ లోకంలో అంతకన్నా పెద్ద ధర్మసంకటం లేనట్టు.

"ఒక్కటే గద. పడుగు ఆగిపాయె మరి," అంది ఆమె. "తెమడ గూడ కరుగుతది."

ఆయన బీడీని మూతి దగ్గరికి తీసుకెళ్లాడు. నాకు కళ్లు తిరిగినంత కోపం వచ్చింది. ఇన్ని రోజుల తిట్లు, పంపు పట్టుకుని వెంట తిరగడాలు, మోరీ కడుక్కోవడాలు, అన్నీ ఒక్క దమ్ములో పొగైపోబోతున్నాయి. చేతిలోది లాక్కున్నాను. ఆమె ఒడిలోని కట్ట కూడా లాక్కున్నాను.

"బూడిదనే గద మీకు గావాల్సింది? ఆగున్రి."

వెనక వాకిట్లో పాత రొట్టెల పెంక పెట్టి, కట్ట దారం తెంపి బీడీలన్నీ అందులో కుప్ప పోశాను. కర్పూరం మండితే మసి తప్ప బూడిద మిగలదు కాబట్టి రెండు బిళ్లలు వేసి అంటించాను. దేవుడికి హారతి ఇచ్చినట్టే మండాయి. మా ఆడబిడ్డ తలుపు దగ్గర నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈయన మెల్లగా వచ్చి సరిగ్గా గాలివాటున, పొగ వచ్చే వైపే నిలబడ్డాడు! రొట్టెల కర్ర చూపించి లోపలికి తోలి తలుపు వేశాను. చల్లారాక ఆ బూడిదను జల్లించి, చిప్పలో పోసి, ఆమె ముందు పెట్టాను. "ఇగో వదినా. ఇంక నాలుగు పడుగులకు సరిపోతది. ఎవ్వరు గుంజే పని లేదు."

ఆమె వేళ్లకద్దుకుని ఒక పోగు మెలితిప్పి చూసింది. తెగలేదు. పనిలో పడింది.

కిటికీ దగ్గర కూర్చున్న మా ఆయన ఆ చిప్పవైపు చూస్తూ దగ్గాడు, దగ్గి మోరీలో ఉమ్మేసి వచ్చి, నింపాదిగా అన్నాడు. "డాక్టరమ్మ చెప్పనే చెప్పింది, కొన్ని దినాలు దగ్గు ఎక్కువైతదని."

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. "ఏమన్నవ్?"

"గొట్టాల లోపట సన్నగ నూగు ఉంటదంట. పొగకు అది పండుకుంటదంట. పొగ బంద్ జేస్తే లేసి ఊడుస్తదంట. ఊడిసినప్పుడు లోపటి చెత్తంత బయటికొస్తది, దగ్గొస్తది, భయపడొద్దు, మల్ల తగ్గుతది అన్నది. నువ్వు మందులకు పోయినప్పుడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే దగ్గు సాకుతోని బీడీ అడిగెటందుకు ఉండదు గద!"

అంత నిజాయితీగా చెప్పాడు. దాచిపెట్టుకున్న నిజాన్ని బీడీలన్నీ కాలిపోయాక బయటపెట్టాడు, ఇక ఆ సాకు పనికిరాదు కాబట్టి. వీధి మాటలకు నేను బెంబేలెత్తుతుంటే, నేనే ముంచుతున్నానేమో అని కుమిలిపోతుంటే, ఈ మనిషి అసలు సంగతి కడుపులో పెట్టుకుని పక్కనే కూర్చుని నాడె విసిరాడు. ఆడబిడ్డ కూడా తమ్ముడి నెత్తిన ఒక్కటి మొట్టి, "గాడిదకొడకా, నాకన్న చెప్పొద్దా" అంది. అది నాకు కొంత ఊరట.

డాక్టరమ్మ చెప్పినట్టే జరిగింది. నెమ్మదిగా తెమడ నలుపు తిరిగి పసుపైంది, పసుపు తెలుపైంది, పడటం తగ్గింది. పొద్దున మోరీ దగ్గర కూర్చోవడం పోయింది. గాలి పీల్చినప్పుడు ఛాతీలో పిల్లి కూసినట్టు వచ్చే చప్పుడు పూర్తిగా పోలేదు గానీ సన్నబడింది. పంపు అడగకుండానే పీల్చడం మొదలుపెట్టాడు. నూలు దుమ్ముకు మూతికి గుడ్డ కట్టుకొమ్మంటే మాత్రం, "దొంగ లెక్క ఉంట" అని ఇప్పటికీ కట్టడు.

వానలు పడ్డాక మళ్లీ వనపర్తి వెళ్లాం. నేను పండుగకు పోతున్నట్టు పోయాను. గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. డాక్టరమ్మ కాగితం చూసి, "అప్పుడెంత ఉందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది. చాలా మంచిది," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అంతేనా? ఇంత పోరాడి, ఇంత మంది నోళ్లు మూయించి, ఉన్న చోటే ఉన్నామా? ఆ మాటే అనేశాను, ఆమె ముందే. "ఇంత కష్టపడితే ముందల్కి పోవాలె గద మేడమ్, ఉన్నకాన్నే ఉంటే మంచిదెట్ల?"

ఆమెకు కోపం రాలేదు. "పాడైంది బాగుపడదని మొదటే చెప్పాను కదమ్మా. కాలుస్తూనే ఉంటే ఈపాటికి ఇంకా కిందికి జారేవారు. గొట్టాల వాపు కొంచెం తగ్గింది, తెమడ తగ్గింది, ఈసారి చలికి దవాఖానలో పడే భయం తగ్గింది. జారకుండా నిలబడ్డారు చూడండి, ఈ జబ్బులో గెలుపంటే అదే." తర్వాత ఆయనవైపు తిరిగి, పొద్దస్తమానం పలక కొట్టే పని మాత్రం తగ్గించుకోమంది.

తిరుగు బస్సెక్కాం. నాకు గెలిచినట్టు లేదు. పలక కొట్టడం తగ్గించుకొమ్మన్న మాట ఆయనకు గుచ్చుకుందని ముఖం చూస్తేనే తెలిసింది. మగ్గం నడుమ చోటు వాళ్ల నాయనది. అక్కడ కూర్చున్నవాడినే నేతగాడంటారు, పక్కన కూర్చున్నవాళ్లను ఎవరూ ఏమీ అనరు. పక్కన కూర్చున్నది నేను కాబట్టి నాకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి ఆయన పక్క చోట, నా చోట, అంచు నాడె పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నడుమ చోటు ఖాళీగా ఉంది. నావైపు చూడకుండానే, "కూసో మరి, ఏం జూస్తున్నవ్?" అన్నాడు. గుంటలో దిగి కూర్చున్నాను. చూసిన పనే అయినా కాళ్లకు అలవాటు లేదు. తొక్కేది ఒకటి, కొట్టేది ఒకటి. నాలుగు పోగులు పడేదాకా చూశాడు. ఆయన ఓపిక అంతే.

"ఏందే ఆ కొట్టుడు, పసిపిల్లకు తల దువ్వినట్టు, గట్ల కొడితే పేక నిలుస్తదా, గుడ్డ జల్లెడ లెక్క వస్తది, చీర కొనే సేటు చూసి మొఖాన కొడ్తడు, తొక్కినంక కొట్టాలె గాని తొక్కకముందే కొడ్తరా ఎవరన్న, ఇన్నేండ్లు నా పక్కన కూసోని నువ్వు నేర్చింది గిదేనా, నాడె అటు పోతే నువ్వు ఇటు చూస్తున్నవ్, నీకన్న మా అక్క నయం!"

నాకు నషాళానికి అంటింది. తగిన జవాబు నాలుక మీదికి వచ్చేసింది కూడా. ఆయనవైపు తిరిగాను, నోరు తెరిచాను. అప్పుడు తట్టింది నాకు.

నిరుడు ఈ తిట్లలో సగం తిట్టాలన్నా మధ్యలో ఆగి, మగ్గం గుంజ పట్టుకుని, గాలి కోసం వెతుక్కునేవాడు. మిగతా సగం నేనే ఊహించుకునేదాన్ని. ఇప్పుడు మొదటినుంచి చివరిదాకా ఒక్క గుక్కలో తిట్టాడు. ఎక్కడా ఆగలేదు. దగ్గలేదు. తిట్టి, ఏమీ జరగనట్టు అంచు నాడె చేతిలో తిప్పుతున్నాడు.

"మల్ల తిట్టు," అన్నాను.

"ఏందే?"

"ఇప్పుడు తిట్టినవ్ గద. అదే. మల్లొక్కసారి, ఆగకుంట తిట్టు."